టోక్యోలో ఎక్కడ దిగాలి? గది అద్దెతో పాటు గంట ఖరీదూ చూడండి

ప్రశ్న: మాది విజయవాడ. నేను, నా భార్య, పదేళ్ల పాప, 67 ఏళ్ల మా అమ్మ నవంబరులో జపాన్ వెళ్తున్నాం. టోక్యోలో ఆరు రాత్రులు ఉంటాం. విమానం టికెట్లతో సహా మొత్తం 5 లక్షలు అవుతుందని అంచనా. అందులో బసకి 1.20 లక్షలు పక్కన పెట్టాం. నలుగురికీ కలిపి రాత్రికి షిన్‌జుకులో 46,000 యెన్, ఉయెనోలో 32,000, టోక్యో బయట ఉన్న చిబా స్టేషన్ దగ్గర 20,000 చూపిస్తోంది. షిన్‌జుకు అయితే అన్నిటికీ దగ్గర అని నా భార్య అంటోంది. తక్కువ పడిన డబ్బు క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద పెట్టమంటారా? లేక చిబాలో దిగి మిగుల్చుకోమంటారా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా పూర్తి శాకాహారి. పాప డిస్నీలాండ్ అంటోంది. మా పిన్ని కొడుకు నిషి-కసాయ్‌లో ఉంటాడు, అక్కడికి రమ్మంటున్నాడు.

జవాబు: ఉయెనోలో తీసుకోండి. షిన్‌జుకు కోసం అప్పు చేయొద్దు, మిగులు కోసం చిబా దాకా పోవద్దు. ఎందుకంటున్నానో లెక్కతోనే చెప్తాను. యెన్ రేటు రోజూ కదులుతుంది కాబట్టి, సులువుగా ఉండాలని యెన్‌కి 60 పైసలు వేసుకుంటున్నాను.

ఆరు రాత్రులకి చిబా 72,000 రూపాయలు, ఉయెనో 1,15,200, షిన్‌జుకు 1,65,600. పైకి చూస్తే చిబాలో దిగితే ఉయెనో మీద 43,200 మిగులుతుంది. కానీ చిబా నుంచి టోక్యో స్టేషన్‌కి రైలు టికెట్టు సుమారు 700 యెన్. పాపకి సగం టికెట్టు కాబట్టి మీరు మూడున్నర మంది కింద లెక్క. రానూపోనూ రోజుకి 4,900 యెన్, ఊరు చూసే ఐదు రోజులకి 24,500, అంటే 14,700 రూపాయలు. ఇది ఊళ్లోకి రావడానికే. ఊళ్లో తిరిగే టికెట్లు ఎక్కడ దిగినా తప్పవు. అంటే అసలు మిగులు 28,500.

28,500 కూడా చిన్న డబ్బేం కాదు. అయితే దాని కోసం ఏమిస్తున్నారో చూడండి. చిబా నుంచి టోక్యోకి వేగంగా పోయే రైలులోనే దాదాపు 40 నిమిషాలు. హోటల్ నుంచి నడక, రైలు కోసం ఎదురుచూపు కలుపుకుంటే, ఉయెనోలో ఉన్నవాళ్ల కంటే మీకు రోజుకి గంటన్నర ఎక్కువ పోతుంది. మీ ప్రయాణానికి 5 లక్షలు, పూర్తిగా చేతికొచ్చే రోజులు ఐదు. రోజు ఖరీదు లక్ష. పొద్దున్నుంచి రాత్రి దాకా తిరిగే 12 గంటల మీద పంచితే, గంట ఖరీదు 8,000 పైమాటే. ఐదు రోజుల్లో ఏడున్నర గంటలు, అంటే 60,000 రూపాయల సమయం రైల్లో ఇచ్చి 28,500 మిగుల్చుకుంటున్నారు. మన ఊళ్లో ఉన్నప్పుడు మనం ఎప్పుడూ గంటకి ఖరీదు కట్టుకోం, కట్టాల్సిన అవసరమూ రాదు. విదేశీ ప్రయాణంలో మాత్రం ఈ లెక్క వేయకుండా గది బుక్ చేయొద్దని నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబానికీ చెప్తాను.

ఇంకొకటి. అమ్మగారికి మధ్యాహ్నం రెండింటికి కాళ్లు లాగితే ఉయెనోలో గదికి వెళ్లి గంటసేపు నడుం వాల్చి మళ్లీ రావచ్చు. చిబా నుంచి అది కుదరదు. ఆవిడ రోజంతా బయటే గడపాలి, లేకపోతే ఒకరు తోడుగా ఉండి మిగతా రోజు వదులుకోవాలి. మా అమ్మానాన్నలను తీసుకెళ్లినప్పుడు నేను ఈ తప్పే చేశాను. ధర బాగుందని స్టేషన్‌కి పావుగంట నడక దూరంలో గది తీసుకున్నాను. మ్యాప్‌లో అది ఏమంత దూరంలా కనిపించలేదు. రోజంతా తిరిగి వచ్చిన నాన్నకి ఆ పావుగంట చాలా కష్టమైంది. మూడో రోజు నుంచి ప్రతి సాయంత్రం టాక్సీయే, గదిలో మిగిల్చిన డబ్బు అందులో పోయింది.

ఇక షిన్‌జుకు. మీ శ్రీమతి గారు అన్నదాంట్లో నిజం ఉంది. ఫుజి పర్వతం వైపు, కవాగుచికో సరస్సుకి వెళ్లే బస్సులు అక్కడి నుంచి బయల్దేరతాయి. హకోనే వెళ్లే రొమాన్స్‌కార్ రైలూ అక్కడిదే. షాపింగ్, రాత్రి సందడి కావాలనుకునే జంటలకి నేనూ షిన్‌జుకు చెప్తాను. కానీ ప్రపంచంలోనే ఎక్కువ రద్దీ ఉన్న స్టేషన్ అది, బయటికి 200కి పైగా దారులున్నాయి. ఒక ప్లాట్‌ఫాం నుంచి ఇంకో ప్లాట్‌ఫాంకి వెళ్లడమే ఒక్కోసారి పది నిమిషాల నడక. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో రోజుకి రెండుసార్లు ఆ జనంలో పడటానికి మీరు 50,400 రూపాయలు అదనంగా ఇస్తున్నారు. తలకి గది ధర 10,000 యెన్ దాటితే టోక్యోలో రాత్రికి 100 యెన్ చొప్పున వసతి పన్ను కూడా ఉంటుంది. అది చిన్న మొత్తమే, 46,000 గదికి పడుతుంది, 32,000 గదికి పడదు.

ఆ 50 వేలు ఈఎంఐలో పెడితే వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు అన్నీ తోడవుతాయి. ఇల్లు బాగు చేయించుకోవడానికో, చదువుకో అప్పు తీసుకుంటే దాని తర్వాత ఏదో ఒకటి చేతిలో ఉంటుంది. అయిపోయిన ప్రయాణానికి కిస్తీ కట్టడం అలా కాదు, వచ్చే జూన్‌లో పాప స్కూలు ఫీజు పక్కనే అదీ వచ్చి కూర్చుంటుంది. ఫుజి చూడాలనుకుంటే ఒక్కరోజు పొద్దున్నే ఉయెనో నుంచి యమనోతే రైలెక్కండి. అరగంటలోపు షిన్‌జుకులో ఉంటారు. ఒక్క ఉదయం పని కోసం ఆరు రాత్రుల అద్దె పెంచుకోనక్కర్లేదు.

ఉయెనో ఎందుకంటే, మీ నలుగురికీ కావాల్సినవి అక్కడ ఒకేచోట కలుస్తున్నాయి. నారితా విమానాశ్రయం నుంచి స్కైలైనర్ రైలు ముప్పావుగంటలో నేరుగా ఉయెనోకి తెస్తుంది. స్కైలైనర్ నడిపే కేసే సంస్థదే మామూలు రైలు ఇంకో అరగంట ఎక్కువ తీసుకుంటుంది కానీ టికెట్టు సగం కూడా ఉండదు. వచ్చేటప్పుడు అలసట ఉంటుంది కాబట్టి స్కైలైనర్, వెళ్లేటప్పుడు మామూలు రైలు పెట్టుకోండి. గింజా లైన్ మెట్రోలో ఐదారు నిమిషాల్లో అసాకుసా, అక్కడ సెన్సోజీ గుడి. అదే రైలు ఇటువైపు గింజా మీదుగా షిబుయా దాకా పోతుంది, మారే పని లేదు. స్టేషన్ ఎదురుగా ఉయెనో పార్కు, అందులోనే జూ, టోక్యో నేషనల్ మ్యూజియం. అమ్మగారు బెంచీ మీద కూర్చుంటే మీరు పాపతో తిరిగి రావచ్చు, అందరూ కలిసి వెళ్లాలని లేదు.

భోజనం సంగతి దీనికంటే ముఖ్యం. జపాన్ వంటలో చేపతో కాచిన దాషి అనే చారు చాలావాటిలో పడుతుంది. పైకి కూరగాయల వంటకంలా, నూడుల్స్‌లా కనిపించినా అందులో ఆ చారు ఉండొచ్చు. పూర్తి శాకాహారికి రోజూ వెతుక్కోవడం పెద్ద టెన్షన్. ఉయెనో పక్క స్టేషన్ ఒకాచిమాచి నగల వ్యాపారుల పేట. రాళ్ల వ్యాపారం చేసే మనవాళ్లు అక్కడ చాలా ఏళ్లుగా ఉన్నారు, ఆ చుట్టుపక్కల భారతీయ హోటళ్లూ ఉన్నాయి. అందుకే ఉయెనో, ఒకాచిమాచి స్టేషన్ల మధ్య గది చూడమంటున్నాను. పొద్దున ఉప్మా, అటుకులు గదిలోనే చేసుకునేలా చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ హోటల్ దొరికితే ఇంకా మంచిది. మిమారు అనే సంస్థ కుటుంబాల కోసం ఇలాంటివే నడుపుతుంది, ఉయెనో వైపు కూడా ఉన్నాయి.

డిస్నీలాండ్‌కి అందరూ టోక్యో స్టేషన్ మీదుగా వెళ్లమంటారు. ఆ దారి వద్దు. అక్కడ కేయో లైన్ ప్లాట్‌ఫాం మిగతా స్టేషన్‌కి చాలా దూరం, లోపలే పది నిమిషాలకి పైగా నడవాలి. ఉయెనోలో హిబియా లైన్ మెట్రో ఎక్కి హచ్చోబోరిలో దిగి, కేయో రైలు మారి మైహామాలో దిగండి. అమ్మగారి మోకాళ్లకి ఈ దారే మేలు.

మీ తమ్ముడు ఉండే నిషి-కసాయ్ మన సాఫ్ట్‌వేర్ వాళ్ల పేట. 2000 సంవత్సరం కంప్యూటర్ సమస్య రోజుల నుంచి మనవాళ్లు అక్కడ స్థిరపడుతూ వచ్చారు. పప్పులు, మసాలాలు అమ్మే కొట్లు, ఇడ్లీ దోసెలు అన్నీ ఉంటాయి. ఉయెనోలో గది దొరక్కపోతే నా రెండో మాట అదే. హోటల్లో అయినా సరే అక్కడే దిగొచ్చు, తోజాయ్ లైన్‌లో ఊరి నడిమధ్యకి పావుగంట పైచిలుకు. ఒక్క ఇబ్బంది, ఆ లైన్ ఉదయం ఆఫీసు వేళల్లో విపరీతంగా కిక్కిరిసి ఉంటుంది, తొమ్మిదిన్నర దాటాకే ఎక్కాలి. ఉయెనో దొరికితే మాత్రం తమ్ముడింటికి ఒక సాయంత్రం భోజనానికి వెళ్లి రండి. అక్కడి ఇళ్లు చిన్నవి, నలుగురు ఆరు రాత్రులు సర్దుకోవడం ఇద్దరికీ కష్టం.

బుక్ చేసేటప్పుడు కొన్ని చూసుకోండి. జపాన్‌లో గది రేటు మనుషుల సంఖ్యని బట్టి మారుతుంది, పాపని కూడా లెక్కలో చూపించండి. సెమీ డబుల్ అని రాసి ఉంటే అది 120 సెంటీమీటర్ల వెడల్పున్న మంచం, ఇద్దరికి చాలదు. స్టేషన్‌కి ఐదారు నిమిషాలు దాటకూడదు. హోటల్ వైపున్న ఎగ్జిట్‌లో లిఫ్టు ఉందో లేదో చూడండి, అన్నిటికీ ఉండదు. శనివారం రాత్రి రేట్లు ఎక్కువ కాబట్టి ఆదివారం దిగి శనివారం ఖాళీ చేసేలా పెట్టుకోండి. నవంబరు 23 జపాన్‌లో సెలవు, ఆ చుట్టుపక్కల వారాంతం తప్పించండి. డబ్బు వెనక్కి వచ్చే రకం బుకింగ్ ఇప్పుడే చేసి, నెల ముందు మళ్లీ రేట్లు చూడండి, తగ్గితే మార్చుకోవచ్చు. చెల్లించేటప్పుడు రూపాయల్లోనా యెన్‌లోనా అని అడిగితే యెన్ అనండి. విదేశీ లావాదేవీకి చాలా కార్డులు 2 నుంచి 3.5 శాతం వేస్తాయి, మీ దగ్గర తక్కువ వేసే కార్డు ఉంటే దాంతోనే కట్టండి.

ఉయెనో గది పోగా మీ 1.20 లక్షల్లో 4,800 మిగులుతుంది, అంటే 8,000 యెన్. టోక్యోలో టాక్సీ మీటరు సుమారు 500 యెన్‌తో మొదలవుతుంది. చిన్న దూరాలకి ఏడెనిమిది సార్లు వస్తుంది. ఆ డబ్బు వేరే కవర్లో పెట్టి, అమ్మగారికి సాయంత్రాలు కాళ్లు నొప్పి అన్నప్పుడు మీటరు చూడకుండా ఎక్కించండి.