కొంత సొమ్ము ముట్టాక పాత చెక్కును బ్యాంకులో వేయవచ్చా?

సందేహం: నాకు విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉంది. అల్యూమినియం కిటికీలు, స్టీలు గ్రిల్స్, గేట్లు చేసి బిగిస్తాను. గుంటూరు అమరావతి రోడ్డులో అపార్ట్‌మెంటు కట్టిన ఒక బిల్డర్‌కు చేసిన పని 2024 ఆగస్టు 18న పూర్తయింది. ఇంకా రూ. 4,20,000 రావాలి. ఆ మొత్తానికి వాళ్ల సంస్థ చెక్కు మీద సంతకం పెట్టి ఇచ్చారు గానీ తేదీ వేయలేదు. ‘నేను చెప్పినప్పుడు వేసుకో’ అన్నారు. కొన్నాళ్లకు ఫోన్‌పేలో రూ. 50,000 పంపారు. అప్పటినుంచి ఫోన్ ఎత్తడం లేదు. ఒప్పంద పత్రం లేదు. కొటేషన్, కొలతలు, బేరం అన్నీ వాట్సాప్‌లోనే. శనివారం వస్తే కుర్రాళ్లకు కూలీ ఇవ్వాలి. ఆ చెక్కు వేసేయమంటారా? పోలీసు కేసు పెట్టమంటారా? గ్రిల్స్ విప్పి తెచ్చేసుకోమని తోటివాళ్లు అంటున్నారు.
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: ముందుగా ఒక్క పని చేయకండి. ఆ చెక్కును ఉన్నది ఉన్నట్టు రూ. 4,20,000కు బ్యాంకులో వేయకండి. మీకు ఈరోజు రావాల్సింది రూ. 3,70,000 మాత్రమే. చెక్కు ఇచ్చిన తర్వాత కొంత సొమ్ము ముట్టి, ఆ సంగతి చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికి వేస్తే, అది బౌన్స్ అయినా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద నేరం కాదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టంగా చెప్పింది. చెక్కు వేసే రోజున దాని మీద ఎంత అంకె ఉందో అంత బాకీ నిజంగా ఉండాలన్నది ఆ తీర్పు సారం. చెక్కు కేసు ఓడిపోవడానికి ఇదొక్కటి చాలు. బాకీ నిజమే, సంతకం నిజమే, అయినా ఫోన్‌పేలో వచ్చిన యాభై వేలే అవతలి వాళ్లకు ఆయుధమవుతుంది.

మరి ఏం చేయాలి? అన్నిటికంటే మంచిది, రూ. 3,70,000కు తేదీ వేసిన కొత్త చెక్కు తీసుకుని పాతది తిరిగి ఇచ్చేయడం. తిరిగి ఇచ్చినట్టు ఒక కాగితం మీద వాళ్ల సంతకం పెట్టించుకోండి. బిల్డర్ దొరకకపోతే అదే చట్టంలోని సెక్షన్ 56 దారి ఉంది. ప్రోనోటు వెనుక చెల్లు వేసినట్టే, చెక్కు వెనుక ‘ఫలానా తేదీన రూ. 50,000 ముట్టినది, మిగిలిన రూ. 3,70,000కు మాత్రమే’ అని రాసి సంతకం చేసి ఆ మొత్తానికి వేయవచ్చు. చెక్కు ముందువైపు అంకెలు మాత్రం కొట్టివేయకండి, దిద్దకండి. దిద్దుబాట్లున్న చెక్కు క్లియరింగ్‌లోనే వెనక్కి వస్తుంది. వెనుక రాసే ఈ పద్ధతికి బ్యాంకు కౌంటర్లలో అలవాటు తక్కువ. అందుకే బ్రాంచి మేనేజరుతో ముందే మాట్లాడండి. ఒప్పుకోకపోతే చెక్కును సాక్ష్యంగా దాచుకుని నేరుగా సివిల్ దావాకు వెళ్లడమే మేలు.

తేదీ లేని చెక్కు గురించి భయం అక్కర్లేదు. ఉన్న బాకీ కోసం సంతకం చేసి ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఖాళీ చెక్కులో మిగతా వివరాలు వేరొకరు నింపినంత మాత్రాన అది చెల్లకుండా పోదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాంకుకు వెళ్లే ముందు ఆ రోజు తేదీ వేసుకోండి. తేదీ పడ్డాక దాని ఆయుష్షు మూడు నెలలే.

ఇక చెక్కు కేసులో గడువులు. ఇక్కడ ఒక్క రోజు తప్పినా చిక్కే. చెక్కు వెనక్కి వచ్చాక బ్యాంకు రిటర్న్ మెమో ఇస్తుంది. అది మీ చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల్లో లాయరు నోటీసు వెళ్లాలి. నోటీసు వాళ్లకు అందాక 15 రోజులు చెల్లింపుకు గడువు. అప్పటికీ కట్టకపోతే ఆ 15 రోజులు ముగిసిన నాటి నుంచి నెల లోపు మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు పడాలి. నోటీసులో చెక్కు మొత్తం రూపాయి తేడా లేకుండా ఉండాలి. చెక్కు అంకె ఒకటి, నోటీసులో అడిగింది ఒకటి అయితే, అది టైపింగ్ పొరపాటే అయినా నోటీసు చెల్లదని 2025లో సుప్రీంకోర్టు తేల్చింది. వడ్డీ, ఖర్చులు అడగాలనుకుంటే చెక్కు మొత్తాన్ని విడిగా, అవి విడిగా రాయించండి. అన్నీ కలిపి ఒకే అంకెగా అడగవద్దు.

నోటీసు ఎవరికి పంపాలన్నది కూడా ముఖ్యమే. చెక్కు సంస్థ ఖాతాది కాబట్టి చెక్కు మీద ముద్ర చూడండి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే కంపెనీకి, సంతకం చేసిన డైరెక్టరుకు ఇద్దరికీ వెళ్లాలి. కేసులో కంపెనీని ముద్దాయిగా చేర్చకుండా డైరెక్టరు ఒక్కడి మీద వేస్తే నిలబడదు. భాగస్వామ్య సంస్థ అయినా ఇదే జాగ్రత్త. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కాబట్టి కౌంటర్లో రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు రెండూ అడిగి తీసుకోండి. ట్రాకింగ్ పేజీని కొద్ది రోజుల్లోనే ప్రింటు తీసి పెట్టుకోండి. తర్వాత దొరక్కపోవచ్చు.

పని గుంటూరులో జరిగింది కాబట్టి కేసు అక్కడే వేయాలేమో అనుకోకండి. చెక్కును మీ ఖాతాలో వేస్తారు కాబట్టి మీ ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టుకే, అంటే విజయవాడకే, అధికారం ఉంటుంది. విచారణ మధ్యలో చెక్కు మొత్తంలో 20 శాతం వరకు తాత్కాలిక పరిహారం ఇప్పించమని సెక్షన్ 143ఎ కింద అడగవచ్చు. అది కోర్టు విచక్షణ. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు గానీ, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

చెక్కు కేసు నడుస్తోంది కదా అని సివిల్ దావా గడువును మరిచిపోయేవాళ్లు చాలామంది. ఆ కేసు ఉన్నా లేకపోయినా బాకీకి కాలదోషం పట్టే గడియారం ఆగదు. చేసిన పని కూలీకి, చెల్లింపు తేదీ ఏదీ అనుకోకపోతే, పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లు. సరుకు ధరకైతే సరుకు అప్పగించిన రోజు నుంచి మూడేళ్లు. మీది రెండూ కలిసిన పని. ‘కిటికీలు 2024 మేలోనే వచ్చాయి, అక్కడినుంచి లెక్కపెట్టండి’ అని వాళ్ల లాయరు వాదించకుండా ఉండాలంటే మొదటి లోడు దిగిన తేదీ నుంచే లెక్క వేసుకోండి. ‘ఫోన్‌పేలో కట్టారు కదా, అక్కడినుంచి మళ్లీ మూడేళ్లు’ అనుకోవద్దు. కొంత కట్టడం వల్ల గడువు కొత్తగా మొదలు కావాలంటే ఆ చెల్లింపు గురించి కట్టినవాళ్ల చేతి రాత గానీ సంతకం గానీ ఉండాలి. ‘వచ్చే నెల సర్దుతా’ అన్న వాట్సాప్ మెసేజ్ మీకు బలమే, కానీ గడువు విషయంలో దాని మీదే ఆధారపడి కూర్చోకండి.

అందుకే బిల్డర్‌ను కలవగలిగితే, తిట్టుకునే ముందు ఒక కాగితం సంపాదించండి. రెండు వాక్యాలు చాలు. ‘మీరు మా అపార్ట్‌మెంటుకు చేసిన అల్యూమినియం కిటికీలు, గ్రిల్స్ పనికి గాను నేటికి మీకు రూ. 3,70,000 బాకీ ఉన్నాము. ఫలానా తేదీ లోపు చెల్లిస్తాము.’ కింద సంస్థ ముద్ర, సంతకం, తేదీ. కాలదోషం పట్టకముందు ఇలాంటి సంతకం పడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు దొరుకుతాయి. దీనికి బదులు ప్రోనోటు రాసిస్తానంటే తీసుకోండి గానీ రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద అడ్డంగా సంతకం చేయించండి. స్టాంపు లేని ప్రోనోటును తర్వాత పెనాల్టీ కట్టి సరిచేసుకునే వీలు లేదు. కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు.

ఒప్పంద పత్రం లేదని దిగులు పడకండి. నోటి మాట ఒప్పందమూ ఒప్పందమే, రుజువు ఉంటే చాలు. వాట్సాప్ సంభాషణ ఉన్న ఫోన్‌ను మార్చకండి, రీసెట్ చేయకండి. మొత్తం చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి రెండు చోట్ల భద్రపరచండి. మీకు నచ్చిన నాలుగు స్క్రీన్‌షాట్లు తీస్తే చాలదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జత చేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఫోన్‌పే స్క్రీన్ కన్నా బ్యాంకు ధ్రువీకరించి ఇచ్చిన స్టేట్‌మెంటు నయం. ఇంకొకటి, ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో మీ ఫారం 26ఏఎస్ తెరిచి చూడండి. మీ పాన్ మీద ఆ సంస్థ టీడీఎస్ కోసి ఉంటే, మీ బిల్లును వాళ్ల లెక్కల్లో రాసుకున్నారని అర్థం. అది బాకీకి పూర్తి రుజువు కాదు. కానీ ‘ఈయనెవరో మాకు తెలియదు’ అనే మాటకు అక్కడితో చోటుండదు.

బాకీ మూడు లక్షలు దాటింది కాబట్టి మీ దావా వ్యాపార తగాదాలు విచారించే కమర్షియల్ కోర్టు పరిధిలోకి వస్తుంది. అత్యవసర ఉత్తర్వులు అడిగితే తప్ప, ముందుగా మధ్యవర్తిత్వానికి వెళ్లకుండా వేసిన దావాను కోర్టు తిరస్కరిస్తుంది. మధ్యవర్తిత్వానికి దరఖాస్తు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పెట్టాలి. అక్కడ గడిచిన కాలాన్ని మూడేళ్ల గడువులోంచి మినహాయిస్తారు. అవతలివాళ్లు రాకపోతే విఫలమైందని నివేదిక ఇస్తారు, దానితో దావా వేయవచ్చు. వాళ్లు వచ్చి వాయిదాల్లో కడతామంటే, ఒక్క వాయిదా తప్పినా మిగతాదంతా వడ్డీతో వెంటనే కట్టాలన్న షరతు రాయించకుండా సంతకం పెట్టకండి. ఎక్కువ రాజీలు చెడేది ఆ ఒక్క వాక్యం లేకే.

గ్రిల్స్ విప్పి తెచ్చుకోవడం మాత్రం వద్దేవద్దు. బిగించి అప్పగించాక అవి ఆ భవనంలో భాగం. ఫ్లాట్లు కొన్నవాళ్లు అక్కడ ఉంటున్నారు. రంపం పట్టుకుని వెళ్తే దొంగతనం, అక్రమ ప్రవేశం, నష్టం కలిగించడం అని మీ మీదే కేసు పడుతుంది. బాకీదారు బాధితుడైపోతాడు. అయితే ఆయన ఆర్డరిచ్చిన గేటు ఏదైనా ఇంకా మీ షెడ్డులోనే ఉంటే, దాని ధర ముట్టేదాకా అప్పగించకుండా ఆపుకునే హక్కు మీకుంది. ఆ హక్కు ఆ గేటు ధర వరకే. పాత బాకీకి దాన్ని జామీను చేసుకోలేరు.

పోలీసుల దగ్గరికి వెళ్తే ఇది సివిల్ తగాదా అంటారు, చాలావరకు అది సరైన మాటే. మోసం కేసు నిలవాలంటే మొదటి రోజు నుంచే ఇవ్వకూడదన్న ఉద్దేశం ఉందని చూపాలి. మీకు చెక్కు ఇచ్చి, తర్వాత కొంత డబ్బు కట్టిన మనిషి విషయంలో అది చూపడం కష్టం.

వడ్డీ సంగతి. మీ మధ్య వడ్డీ మాట లేదు కాబట్టి, రాతపూర్వకంగా వడ్డీ అడుగుతూ నోటీసు ఇచ్చిన తేదీ నుంచి కోర్టు వడ్డీ ఇప్పించే వీలుంది. ఆ నోటీసు ఎంత ఆలస్యమైతే అంత వడ్డీ పోతుంది. చెక్కు దారి తేలకపోయినా ఈ నోటీసు ఈ వారమే పంపించండి.

ముందు ముందు చేసే పనులకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) చేసుకోండి. ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్‌తో ఉచితంగా అవుతుంది. ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు. ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం రిజిస్టరైన చిన్న ఉత్పత్తిదారుకు కొన్నవాళ్లు, రాతలో గడువు అనుకుని ఉంటే ఆ గడువు లోపు, అదీ 45 రోజులు మించకుండా, ఏమీ అనుకోకపోతే 15 రోజుల్లో కట్టాలి. లేకపోతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు మీరున్న రాష్ట్రంలో ఈ బకాయిల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే పెట్టవచ్చు. కౌన్సిల్ తీర్పు మీద కోర్టుకు వెళ్లాలంటే కొనుగోలుదారు 75 శాతం ముందే డిపాజిట్ చేయాలి. కానీ సరుకు ఇచ్చేనాటికే రిజిస్ట్రేషన్ ఉండాలన్నది ఇన్నాళ్లూ కోర్టుల్లో గట్టిగా నడిచిన వాదన. అందుకే ఈ పాత బాకీకి దాన్ని నమ్ముకోవద్దు. తర్వాతి ఆర్డరు ఒప్పుకునే లోపే చేయించుకోండి.

ఇకపై ప్రతి పనికీ ఈ సంతకాలు తీసుకోండి: కొటేషన్ కింద ‘అంగీకరిస్తున్నాను’ అని సంతకం, కొలతల షీటు మీద సంతకం, లోడు దిగినప్పుడు చలానా మీద సైట్ ఇంజినీరు పేరు రాసి సంతకం. వాచ్‌మన్ సంతకం పనికిరాదు, రేపు కోర్టులో ‘అతను మా మనిషే కాదు’ అంటారు. బిల్లులో 15 రోజులు దాటితే వడ్డీ ఎంతో అంకెతో రాయండి. సగం సొమ్ము బిగింపు అయ్యాకే అనే బేరానికి ఒప్పుకోకండి. సరుకు దిగేలోపే 80 శాతం చేతికి వచ్చేలా దశలు పెట్టుకోండి. ఒకసారి గోడకు బిగించాక మీ పట్టు అంతా పోతుంది.

లాయరును కలవడానికి వెళ్లేటప్పుడు చెక్కు అసలు ప్రతి, కొటేషన్, చలానాలు, 2024 నుంచి బ్యాంకు స్టేట్‌మెంటు, ఆ ఫోన్, లోడ్లు దిగిన తేదీలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఫీజు భరించలేని పరిస్థితి అయితే 15100కు ఫోన్ చేసి న్యాయసేవాధికార సంస్థ సాయం అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితిని బట్టి ఇస్తారు.