మరిచిపోయారా, తప్పించుకు తిరుగుతున్నారా?

ప్రశ్న: శుభలేఖలు పంచేశాక నా పెళ్లి ఆగిపోయింది. మూడేళ్లయింది. ఇప్పుడు ఏడుపు రాదు, ఉద్యోగం బాగుంది. కానీ ఎవరి పెళ్లికీ వెళ్లను. ఆ ఫంక్షన్ హాలు దారిలో పడుతుందంటే ఆటోను చుట్టు తిప్పి పోనిమ్మంటాను. ఇప్పుడు చెల్లికి సంబంధాలు చూస్తుంటే గుండెదడ. నేను కోలుకున్నట్టేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఇంకా లేదండీ. ఏడుపు ఆగిందా లేదా అన్నది కొలత కాదు. కోలుకున్నవాళ్లకీ పాత సంగతి గుర్తొస్తుంది, బాధేస్తుంది. కాసేపటికి తగ్గిపోతుంది, దానికోసం దారి మార్చుకోరు. పెళ్లికి రానని చెప్పగానే మీకు ప్రాణం తేలికపడుతుంది కదా, చిక్కంతా ఆ తేలికలోనే ఉంది. వెళ్లలేదు కాబట్టే గట్టెక్కానని మనసు నమ్మేస్తుంది. అందుకే మొదట పెళ్లిళ్లు, తర్వాత ఆ వీధి, ఇప్పుడు సొంత చెల్లి పెళ్లిమాటలు.

తప్పించుకుంటున్నవన్నీ కాగితం మీద రాసి, ఒక్కోదానికి ఎంత కష్టంగా ఉంటుందో 0 నుంచి 100 లోపు అంకె వేయండి. శుభలేఖ చదవడం 30, ఆ హాలు ముందు నిలబడటం 50, ఒక పెళ్లిలో తలంబ్రాల దాకా కూర్చోవడం 80 కావచ్చు. 30 దగ్గర మొదలుపెట్టండి. అంకె సగానికి దిగేదాకా అక్కడే ఉండండి, అరగంట దాటినా సరే. వారంలో మూడు నాలుగుసార్లు చేసి, అది తేలికయ్యాకే పై మెట్టు. చాలామంది దడ పెరగగానే లేచి వచ్చేస్తారు, దాంతో భయం ఇంకా గట్టిపడుతుంది. అక్షింతలు వేసేసి ఫోన్‌లో తల దూర్చి కూర్చున్నా అంతే, వెళ్లినట్టు లెక్క కాదు.

దీనితోపాటు రాయడం. అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1980లలో పరీక్షించిన పద్ధతి ఇది: వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15–20 నిమిషాలు, అక్షరదోషాలు పట్టించుకోకుండా రాయడం. జరిగింది మాత్రమే కాదు, అప్పుడు ఏమనిపించింది, ఇప్పుడేమనిపిస్తోంది అన్నదీ రాయాలి. రాసిన వెంటనే మనసు బరువెక్కుతుంది, మామూలుగా కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. పడుకునే ముందు మాత్రం వద్దు. నాలుగు రోజులూ ‘నాకే ఎందుకిలా’ అన్న మాటే తిరుగుతుంటే అది తవ్వుకోవడమే. మూడో రోజు నుంచి ఆ దెబ్బ మీ నిర్ణయాలను ఎక్కడెక్కడ మార్చిందో రాయండి. తట్టుకోలేననిపిస్తే అక్కడే ఆపి, వేరే సంగతి రాయండి.

పెళ్లి ఆగిపోయిన ఆ అబ్బాయిని క్షమించేయమని చుట్టాలు చెబుతుంటారు. కోలుకోవడానికి అదేమీ షరతు కాదు, దాన్ని పక్కన పెట్టేయండి.

చెల్లితో మాత్రం ముందే చెప్పండి: ‘నీ పెళ్లంటే ఇష్టం లేక కాదే, నాకు పాతవి గుర్తొస్తున్నాయి’ అని. లేకపోతే తను వేరేగా అనుకుంటుంది.

పీడకలలు, నిద్రలేమి వారాల తరబడి ఉన్నా, గతంలో కొట్టడం, లైంగిక వేధింపు లాంటివి జరిగి ఉన్నా ఈ మెట్లు ఒంటరిగా ఎక్కకండి, సైకాలజిస్టు తోడు కావాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.