0.875 పెద్దదా, 0.95 పెద్దదా? బంగారు రుణంపై వడ్డీ లెక్క

ప్రశ్న: కావలిలో చీరల దుకాణం నడుపుతున్నాను. పండగ సరుకు కోసం నగలు తాకట్టు పెట్టి ఏడాదికి మూడు లక్షలు తీసుకోవాలనుకుంటున్నాను. బ్యాంకులో సంవత్సరానికి 9.05 శాతం అంటున్నారు. ఒక ఫైనాన్స్ సంస్థ నెలకు 0.95 శాతమని, మరొకటి 0.875 శాతమని చెప్పాయి. తెలిసినవారు రూపాయిన్నర వడ్డీకి ఇస్తామంటున్నారు. ఒకటి కంటే తక్కువ కాబట్టి 0.95 అన్నింటికన్నా చవక అనిపిస్తోంది. నిజమేనా?

సమాధానం: కాదమ్మా. మీరు పోల్చిన రేట్లలో ఒకటి సంవత్సరానిది, మిగిలినవి నెలవి కాబట్టి ముందుగా అన్నింటినీ సంవత్సరానికి మార్చుకోవాలి. 0.95ను 12తో గుణిస్తే 11.40 శాతం, 0.875ను గుణిస్తే 10.50 శాతం వస్తాయి. రూపాయిన్నర వడ్డీ అంటే నూటికి నెలకు 1.50 గనుక అది 18 శాతం. నెలవారీ రేటునే ముందుకు పెట్టి చెప్పడంలో ఉద్దేశం అది చిన్నదిగా కనిపించడమేనని నా అభిప్రాయం.

875 అనే అంకెను చూసి అది 95 కంటే పెద్దదని మీరు భావించి ఉండవచ్చు. దశాంశ బిందువు తరువాత మొదటి స్థానం పదో వంతు, రెండోది వందో వంతు, మూడోది వెయ్యో వంతు కాబట్టి, 0.95 చివర ఒక సున్నా చేర్చి 0.950గా రాసుకుంటే 0.875 చిన్నదని తేటతెల్లమవుతుంది. చివర చేర్చే సున్నా విలువను మార్చదు గానీ, మధ్యలో ఉన్న సున్నాను వదిలేస్తే విలువే మారిపోతుంది. పాసుపుస్తకంలో 1.05 అంటే ఎకరా అయిదు సెంట్లనీ, 1.5 అంటే ఎకరా యాభై సెంట్లనీ మన జిల్లా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు, 9.05కూ 9.5కూ ఉన్న తేడా అటువంటిదే. మూడు లక్షలపై మొదటిది ఏడాదికి రూ. 27,150, రెండోది రూ. 28,500.

లెక్క కట్టేటప్పుడు శాతాన్ని వందతో భాగించడం, అంటే బిందువును రెండు స్థానాలు ఎడమకు జరపడం మరువకండి: 9.05 శాతం 0.0905 అవుతుంది. బ్యాంకు 0.25 శాతం ప్రాసెసింగ్ రుసుము తీసుకుంటుందనుకుంటే, కాలిక్యులేటర్‌లో 3,00,000ను నేరుగా 0.25తో గుణించినవారికి రూ. 75,000 కనిపించి గుండె ఆగుతుంది. అసలు రుసుము రూ. 750, దానిపై 18 శాతం జీఎస్టీ రూ. 135. ఇది కలిపినా బ్యాంకు ఖర్చు రూ. 28,035 మాత్రమే. 0.875 రేటుకు వడ్డీ రూ. 31,500, 0.95కు రూ. 34,200, రూపాయిన్నరకు రూ. 54,000. అయితే 0.875ను మధ్యలోనే 0.9గా సవరించుకుంటే రూ. 32,400 వచ్చి, రూ. 900 తేడా పడుతుంది; సవరింపు చివరి మొత్తానికే చేయాలి.

నెలనెలా వడ్డీ కట్టకపోతే దాన్ని అసలులో కలుపుతారా అని సంస్థలను అడగండి. అలా కలిపితే 0.95 రేటు ఏడాదికి 11.40 కాక సుమారు 12.01 శాతమై, వడ్డీ రూ. 36,000 దాటుతుంది. రుసుములన్నీ కలిపిన వార్షిక శాతం రేటును కాగితంపై రాసి ఇమ్మనండి.

నగల తూకం చీటీని కూడా ఇదే శ్రద్ధతో చదవండి. 48.5 గ్రాములంటే ఆరు సవర్లు, పైన 500 మిల్లీగ్రాములు, 48.05 అని పడితే పైన 50 మిల్లీగ్రాములే. రాళ్ల బరువు తీసేసిన నికర తూకం మూడు దశాంశ స్థానాల వరకు రాసి ఉందో లేదో చూసిన తరువాతే సంతకం చేయండి.