కోర్టు చెడేది బెడ్డు దగ్గరే

ప్రశ్న: ఇంటి వెనక 36 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఖాళీ ఉంది. నల్లరేగడి నేల. పిల్లల కోసం సింథటిక్ షటిల్ కోర్టు వేయిద్దామనుకుంటున్నాం. 'నాలుగించుల కాంక్రీటు పోసి రంగు కొడితే చాలు' అంటున్నాడు కాంట్రాక్టరు. సరిపోతుందా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: సరిపోదండీ. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగి నోళ్లు తెరుస్తుంది. దాని మీద నేరుగా పోసిన కాంక్రీటు బెడ్డు పగలక తప్పదు. పగులు కింద నుంచి వచ్చేది కాబట్టి పైన ఎంత ఖరీదైన రంగు కొట్టినా ఆగదు. ఖర్చు తగ్గించుకోవాలంటే రంగులో, లైట్లలో, కంచెలో తగ్గించుకోండి. నేల పనిలో మాత్రం వద్దు.

ముందు కొలతలు. డబుల్స్ కోర్టు 44 అడుగులు × 20 అడుగులు. చుట్టూ అయిదడుగులు వదిలితే 54 × 30, అంటే 180 గజాలు. మీ స్థలంలో చక్కగా పడుతుంది. వీలైతే పొడవు ఉత్తర దక్షిణాలుగా పెట్టండి. అప్పుడు పొద్దున, సాయంత్రం సూర్యుడు ఆడేవాళ్ల కళ్లలో పడడు.

నల్లమట్టి కనీసం రెండడుగులు తీసేయండి. ఆ గుంతను మొరంతో ఆరేసి అంగుళాల పొరలుగా నింపుతూ, ప్రతి పొరనూ తడిపి రోలర్‌తో తొక్కించాలి. రోలర్ లోపలికి రాని మూలల్లో దిమ్మిస కొట్టించండి. ఒకేసారి రెండడుగులు నింపి పైపైన తొక్కిస్తే అడుగు పొర గుల్లగానే ఉండి తర్వాత కుంగుతుంది. పైన కంకర పొర, దాని మీద 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు. షీటు అతుకుల దగ్గర అడుగు మేర ఒకదానిమీద ఒకటి రావాలి. నేల చెమ్మ పైకి రాకుండా ఆపేది ఈ షీటే. చాలాచోట్ల మొదట ఎగ్గొట్టేదీ దీన్నే.

కాంక్రీటు అయిదంగుళాల మందం, ఎం25 రకం (బలాన్ని బట్టి పెట్టిన పేరు). లెక్క కడితే 675 ఘనపుటడుగులు, సుమారు 19 ఘనమీటర్లు. వృథాతో కలిపి 20 చెప్పండి. 8 ఎం.ఎం. ఊచలు నిలువుగా, అడ్డంగా ఎనిమిదంగుళాల ఎడంలో, కవర్ బ్లాకుల (ఊచను షీటుకు పైన ఎత్తి ఉంచే చిన్న దిమ్మల) మీద నిలబడి ఉండాలి. షీటు మీద పడుకున్న ఊచ వల్ల ఉపయోగం లేదు. నెట్ స్తంభాల గొట్టాలకు కాంక్రీటు పోయక ముందే రెండడుగుల లోతు గుంతలు తీయించండి. తర్వాత బెడ్డు పగలగొట్టి పెడితే ఆ చుట్టూనే చీలికలు వస్తాయి.

నీరు పోయే వాటం (వాలు) ఒకే వైపుకు, నూటికి ఒకటి చొప్పున ఇవ్వాలి. 30 అడుగుల వెడల్పుకు మూడున్నర అంగుళాల పైచిలుకు. మధ్యలో ఎత్తు పెట్టి రెండు వైపులా దింపడం షటిల్ కోర్టుకు పనికిరాదు. పైభాగాన్ని మేస్త్రీ నున్నగా తిప్పకూడదు, చీపురుతో సన్నగా గరుకు చేయాలి. మర్నాటికల్లా మిషన్‌తో అంగుళంపావు లోతు కోతలు వేయించండి. పొడవులో పదమూడున్నర అడుగులకొకటి, వెడల్పులో సరిగ్గా నడిమధ్య ఒకటి. అలా వేస్తే అడ్డకోతల్లో ఒకటి నెట్ కిందకు వస్తుంది, నిలువుకోత చాలామేర సెంటర్ లైన్ కిందకు పోతుంది. కాంక్రీటు ఎక్కడో ఒకచోట చీలాలి కాబట్టి, ఆ చోటేదో మనమే చూపించడం అన్నమాట.

తర్వాత మడులు కట్టి వారం రోజులు నీళ్లు నిలపండి. నీళ్లు నిలపడానికి బదులు పూసే క్యూరింగ్ ద్రావణం పూయనివ్వకండి, దాని మీద యాక్రిలిక్ (కోర్టుకు వేసే రంగు పూత) అంటుకోదు. మొత్తం 28 రోజులు ఆగాకే రంగు.

ప్రశ్న: యాక్రిలిక్ పూతా, ప్లాస్టిక్ టైల్సా, పీవీసీ మ్యాటా? మాది ఆరుబయలు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆరుబయలైతే మ్యాట్ మాట మర్చిపోండమ్మా. అది కప్పు కింద వేసుకునేది. ఎండకు అంచులు లేస్తాయి, వానకు కింద నీరు చేరుతుంది. మిగిలిన రెండింటిలో, బెడ్డు కొత్తదై సమంగా ఉంటే యాక్రిలిక్ వేయించండి. కాలికి పట్టు బాగుంటుంది. పాత బెడ్డు, సన్నటి చీలికలు ఉన్నాయంటే టైల్స్ నయం. అడుగు చదరం టైల్స్ 1620, కోతలకూ తర్వాత మార్చడానికీ కలిపి 1700 తెప్పించండి. గోడకు ఆనించి బిగిస్తే విజయవాడ ఎండకు వ్యాకోచించి మధ్యలో పైకి లేస్తాయి. చుట్టూ ఖాళీ వదలాల్సిందే. తడి టైల్ మీద మాత్రం పిల్లల్ని ఆడనివ్వకండి, కాలు జారుతుంది.

ప్రశ్న: గతేడు వేయించిన యాక్రిలిక్ కోర్టు ఒక్క వర్షాకాలానికే బొబ్బలెక్కింది. మళ్లీ ఒక పూత వేస్తే పోతుందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పోదు, ఇంకా పెద్దవవుతాయి. బొబ్బ కింద ఉన్నది చెమ్మ. అడుగున్నర చదరం పాలిథిన్ ముక్క పరిచి నాలుగంచులూ టేపుతో మూసి 16 గంటలు ఉంచండి. లోపల నీటి బిందువులు పట్టినా, కాంక్రీటు నల్లబడినా చెమ్మ ఇంకా వస్తోందని అర్థం. ముందు దాని దారి వెతకండి. మేడ మీది నీటి గొట్టం అక్కడే దిగుతోందా, సంపు కారుతోందా, పక్కన మొక్కలకు పెట్టే నీళ్లు బెడ్డు కిందకు పోతున్నాయా చూడాలి. దాన్ని ఆపి బెడ్డు ఆరాక, బొబ్బల్ని కోసి, గట్టిగా అంటుకుని ఉన్న అంచు దొరికేదాకా గీకి, అతుకు వేసి, ఆ తర్వాత పూత. బెడ్డు కింద షీటే లేదని తేలి, ఎంత ఆరబెట్టినా చెమ్మ ఆగకపోతే డబ్బు మళ్లీ రంగులో పోయకండి. పూత గీకేసి టైల్స్ పరచండి, వాటి కింద గాలి ఆడుతుంది.

రంగు ఎప్పుడు వేసినా, ముందు కోర్టంతా నీళ్లతో తడిపి గంట ఆగండి. రూపాయి బిళ్లను ముంచేంత నీరు ఎక్కడ నిలిచినా అక్కడ ముందు ఎత్తు సరిచేయాలి. మంచు ఆరిన పొద్దుటి పూట మొదలుపెట్టి, బెడ్డు కాలిపోకముందే ముగించాలి. వేడి బెడ్డు మీద పూత చూస్తుండగానే ఆరిపోయి చారలు పడుతుంది. మీ వైపు డిసెంబరు, జనవరి అనువు. నెల్లూరు వైపైతే సంక్రాంతి దాటాకే మేలు.

ప్రశ్న: సముద్రపు గాలికి షటిల్ నిలవడం లేదు. అదే కోర్టులో పికిల్‌బాల్ (చిల్లుల ప్లాస్టిక్ బంతిని చెక్కలాంటి బ్యాటుతో కొట్టే ఆట) ఆడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నిక్షేపంగా. దాని కోర్టూ 44 × 20 అడుగులే. నెట్ మాత్రం కిందకు దించాలి: చివర్లలో 36, మధ్యలో 34 అంగుళాలు. షటిల్ షార్ట్ సర్వీస్ గీత నెట్‌కు ఆరున్నర అడుగుల దూరంలో ఉంటే, పికిల్‌బాల్‌కు ఏడడుగుల దగ్గర గీత కావాలి. రెండూ పక్కపక్కనే పడతాయి కాబట్టి రెండోది వేరే రంగులో వేయించండి. గీతలకు యాక్రిలిక్ లైన్ పెయింటే వాడాలి. ఎనామిల్ వాడితే గీత వెంటే పూత పెచ్చులూడుతుంది.