విదేశీ వాలంటీర్ మన ఇంట్ల ఉంటే, బతుకమ్మ–దసరా ఎట్ల గడవాలె?

అడిగింది: ఫ్రాన్స్ నుంచి ఓ అమ్మాయి సెప్టెంబర్‌ల హన్మకొండకు వస్తున్నది. స్కూల్‌ల వాలంటీర్‌గ పనిచేస్తూ ఆర్నెల్లు మా ఇంట్ల ఉంటది. పండుగలు నడుమల్నే పడ్తున్నయి, ఏం జూసుకోవాలె?

ముందుగల్ల కాగితం పని. విదేశీయులను ఇంట్ల ఉంచుకున్నోళ్లు 24 గంటల్లోపు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు చూసే సర్కారు ఆఫీసు) వెబ్‌సైట్‌ల ఆ సంగతి నమోదు చేయాలె. అందరూ ఫారం-సి అంటరు. పంపిన సంస్థ చూసుకుంటదని ఊకోకుండ, ఎవరు నింపుతున్నరో ఆమె రాకముందే తేల్చుకోండి.

తిండి అనంగనే అందరికీ కారం గుబులే. అదేం పెద్దది కాదు, పప్పుల కారం, తాలింపు పడకముందే ఓ గిన్నె పక్కకు తీస్తే అయిపాయె. అడగాల్సింది పల్లీలు, నువ్వులు పడ్తయా లేదా అని. ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ నాటి సత్తుపిండి, నువ్వుల సద్ది, సంక్రాంతి సకినాలు, అన్నీ వాటితోనే. పడనోళ్లకు ఒక్క చెంచా చాలు, దవాఖానకు ఉరకాల్సొస్తది. బతుకమ్మ కాడ ఎవరో ఒకరు ఫలారం చేతిల పెడ్తరు, వద్దంటే నొచ్చుకుంటరని తినేస్తది. ‘నాకు పల్లీలు పడవు’ అనుడు మొదటి వారంల్నే నేర్పండి. కడుపు చెడితే ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లల్ల మొత్తం కలపాలె, గ్లాసుల ఇంత పోసి తాగిస్తే పనికిరాదు.

బాత్రూంల గీజర్ స్విచ్, నల్లా వచ్చే టైం, టిష్యూ వేసే మూత డబ్బా చూపించండి. పైపుల పోతే మీకే తిప్పలు.

ఇగ బతుకమ్మ. చుట్టంలెక్క కుర్చీల కూసోబెట్టకండి, పొద్దుగాల పూల కాడనే కూసోబెట్టండి. తాంబాళంల గుమ్మడాకులు పరిచి, అంచు వెంబడి తంగేడు పూలు. గునుగు కాడలను ఒక్కతీరు కోసి, కట్టలు కట్టి, కొసలను రంగుల ముంచి ఆరబెట్టాలె. తడి మీద పేరిస్తే పక్కనున్న చామంతికి మరకలైతయి. ఒక్కో వరుస కొద్దిగ లోపలికి జరుపుకుంట పోవాలె. కొత్తోళ్లు బయటి వరుస ముచ్చటగ పేర్చి నడుమ బోలుగ వదుల్తరు. ఎత్తంగనే కుంగి ఒరుగుతది. కోసిన కాడల తుంటలు, తంగేడాకులు ప్రతి వరుసకూ కూరుకుంట పోతేనే నిలుస్తది. మొదటిది జానెడే చేయించండి. పైన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ మీ చేతితో పెట్టండి.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. ముందుగాల చెప్పకపోతే తయారై కూసుంటది. మొదటి రోజు ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి కాడ కాలు పెట్టే జాగ ఉండదు, తప్పిపోతే ఎక్కడ కలవాలో ఇంట్లనే అనుకోండి. తెల్లపిల్లను చూసి ఫోన్లు, మైకులు పట్టుకొని వస్తరు. ఇష్టమా కాదా అని ఆమెనే అడగండి, ఆమె తరఫున మీరు ఒప్పుకోవద్దు.

నెలసరప్పుడు బతుకమ్మను ముట్టొద్దనే పట్టింపు మీ ఇంట్ల ఉంటే, ఇంట్లోని ఆడవాళ్లెవరన్న ముందే విడిగ చెప్పాలె. తాంబాళం ముందట నలుగుర్ల అడిగితే ఆ పిల్ల మళ్ల మీ పండుగ దిక్కు రాదు. నన్నడిగితే ఆ పట్టింపే ఆమెకు వర్తింపజేయొద్దు. ఇల్లు మీది, మీ ఇష్టం.

దసరా పొద్దున వాడకట్టుల యాటను కోస్తరు. ముందు రాత్రే చెప్తే, చూడలేనంటే లోపలుంటది. మాంసం తిననిదైతే గంటె కూడ వేరే పెట్టండి, ఒకే గంటె రెండు గిన్నెలల్ల తిరుగుతది మన దగ్గర. సాయంత్రం జమ్మి ఆకు చేతిల పెట్టి, పెద్దోళ్లకు బంగారమని ఇచ్చి కాళ్లు మొక్కుడు చూపండి. అలయ్‌బలయ్ ఇయ్యాలె అని మగోళ్లు చేతులు చాపితే నమస్తే చాలని చెప్పుండ్రి.

ఇంకోటి, దసరాకు బడులు దగ్గరదగ్గర రెండు వారాలు బందుంటయి. ఆ సెలవుల్ల ఏం చేయాల్నో సెప్టెంబర్‌ల్నే స్కూలోళ్లను అడగమనండి.