ఓటుకి గుర్తింపు కార్డు అడగడం వల్ల పేదవాళ్ల ఓటు పోతుందా?

ఓటరుగా నమోదయ్యేటప్పుడూ, ఓటు వేసేటప్పుడూ గుర్తింపు పత్రం తప్పనిసరి చేస్తే పేదల ఓటు పోతుందంటున్నారు, అది నిజమేనా అని అడిగారు. నేను ప్రభుత్వ టీచర్‌ని. ఎన్నికలొస్తే మాకు డ్యూటీ పడుతుంది. నాకు ఎక్కువగా ఫస్ట్ పోలింగ్ ఆఫీసర్ బాధ్యతే ఇచ్చేవారు. ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని, లోపలికి వచ్చిన మనిషి ఎవరో తేల్చాల్సింది ఆ కుర్చీలో ఉన్నవాళ్లే.

అక్కడ కూర్చుని చూసినదాన్ని బట్టి నా మాట ఇది. కార్డు అడగాల్సిందే. మన దగ్గర కార్డు లేక ఓటు పోయినవాళ్లు తక్కువ. చేతిలో ఓటరు కార్డు ఉండి కూడా జాబితాలో పేరు లేక వెనక్కి వెళ్లినవాళ్లే ఎక్కువ. బూత్‌లో అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. "కార్డు మీరే ఇచ్చారు కదా సార్" అని వాళ్లు నిలదీస్తారు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఓటు హక్కు జాబితాలో పేరు ఉండటం వల్ల వస్తుంది, కార్డు ఆ మనిషి ఎవరో చెప్పడానికి మాత్రమే. పేరు లేకపోతే బూత్ మొత్తానికి పెద్ద అయిన ప్రిసైడింగ్ ఆఫీసర్ కూడా చేయగలిగింది ఏమీ ఉండదు.

ఓటరు ఫోటో గుర్తింపు కార్డులు 1993లో, టి.ఎన్.శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉన్నప్పుడు మొదలయ్యాయి. ఆ కార్డు లేకపోయినా ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, ఫోటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్ కార్డు, పింఛను పత్రం, దివ్యాంగుల గుర్తింపు కార్డు వంటి వాటిలో ఏదో ఒకటి చూపించి ఓటు వేయవచ్చు. 2019 లోక్‌సభ ఎన్నికల నుంచి ఓటరు స్లిప్ ఒక్కటే చూపిస్తే సరిపోదు. ఈ సంగతి తెలియక స్లిప్ మాత్రమే పట్టుకుని వచ్చి, ఎండలో మళ్లీ ఇంటికి పరుగెత్తేవాళ్లు ప్రతిసారీ కనిపిస్తారు.

ఒక పెద్దావిడ సంగతి చెప్పాలి. ఆమె ఓటరు కార్డు మీద లామినేషన్ లేచిపోయి, ఫోటో పూర్తిగా వెలిసిపోయింది. జాబితాలో ఉన్న ఫోటో కూడా మసకే. క్రమసంఖ్య, పేరు గట్టిగా చదవగానే, అభ్యర్థి తరఫున బూత్‌లో కూర్చునే ఒక ఏజెంట్ లేచి "ఈవిడ ఆవిడ కాదు సార్" అన్నాడు. అలాంటప్పుడు ఏజెంట్ 2 రూపాయలు డిపాజిట్ కట్టి ఛాలెంజ్ చేయాలి, ప్రిసైడింగ్ ఆఫీసర్ అప్పటికప్పుడు విచారించి తేల్చాలి. అతను కట్టాడు. "అమ్మా, మీ ఆయన పేరేంటి?" అని మా ఆఫీసర్ అడిగారు. ఆమె తల దించుకుని "నేను చెప్పకూడదు బాబూ" అంది. మొగుడి పేరు నోటితో పలకని తరం ఆమెది. ఆ మౌనం చూసి ఏజెంట్‌కి ఇంకా ధైర్యం వచ్చింది. అప్పుడామె కొంగున కట్టిన ప్లాస్టిక్ కవర్ విప్పి జాబ్ కార్డు తీసింది. దాని మీద ఇద్దరి ఫోటో ఉంది, ఆయన పేరూ ఉంది. ఆ పేరు జాబితాలో ఉన్న భర్త పేరుతో సరిపోయింది. ఛాలెంజ్ కొట్టేశారు, డిపాజిట్ ప్రభుత్వానికి పోయింది, ఆమె ఓటు వేసింది.

గుర్తింపు అడిగే పద్ధతి లేకపోతే ఆ రోజు ఆమెను కాపాడేది ఏదీ లేదు. ఎవరైనా నోరు పెట్టుకుని "ఈవిడ కాదు" అంటే అదే చెల్లేది. ఒకే రకం కార్డు ఉండాలని పట్టుబట్టి ఉన్నా ఆమె ఓటు పోయేది. అందుకే కార్డు అడగాలా వద్దా అన్న వాదన కన్నా, ఎన్ని రకాల పత్రాలు ఒప్పుకుంటారు, అనుమానం వస్తే విచారించే పద్ధతి ఉందా అన్నవే నాకు ముఖ్యం.

దొంగ ఓటు దెబ్బ కూడా దగ్గరగా చూశాను. పట్నం నుంచి ఓటు కోసమే వచ్చిన ఒక అబ్బాయి పేరు మీద అప్పటికే ఎవరో ఓటేసి వెళ్లిపోయారు. అతనికి టెండర్డ్ ఓటు ఇచ్చారు, అంటే మిషన్‌లో కాకుండా కాగితం బ్యాలెట్ మీద వేసి కవర్లో పెట్టేది. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు. అది తెలిసి అతని ముఖం ఎలా మారిందో చూసిన నేను, కార్డు అడగడం దండగ అనే మాట ఎప్పటికీ ఒప్పుకోలేను.

ఇక నమోదు సంగతి. అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. కొత్తగా ఓటరుగా చేరడానికి ఇచ్చే ఫారం 6కి వయసు, చిరునామా రుజువులు కావాలి. పనుల కోసం ఊళ్లు మారేవాళ్లకి, అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకి చిరునామా కాగితం దొరకడమే కష్టం. ఇల్లే లేనివాళ్లయితే, బీఎల్ఓ (ఒక బూత్ పరిధిలో ఓటర్ల జాబితా పని చూసే అధికారి) రాత్రిపూట వాళ్లు పడుకునే చోటికి వెళ్లి చూసి నిర్ధారించుకోవాలి, అప్పుడు చిరునామా కాగితం అవసరం లేదని ఎన్నికల సంఘం నిబంధనే ఉంది. ఎంత మంచి నిబంధన! ప్రభుత్వమే ఓటరు దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన అందులో ఉంది. కానీ అది ఆ పేదవాళ్లకి తెలియదు, చెప్పేవాళ్లూ తక్కువ.

2025లో బీహార్‌లో జాబితా ప్రత్యేక సవరణ చేసినప్పుడు మొదట 11 పత్రాలే పేర్కొన్నారు, అందులో ఆధార్ లేదు. ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయినవారు, వలస వెళ్లినవారు, రెండు చోట్ల నమోదైనవారు అని ఎన్నికల సంఘం కారణాలు చెప్పింది. ఆ పేర్లను కారణాలతో సహా బయటపెట్టమని సుప్రీంకోర్టు ఆదేశించింది. సెప్టెంబరులో ఆధార్‌ని గుర్తింపు కోసం 12వ పత్రంగా తీసుకోమని, పౌరసత్వానికి మాత్రం అది రుజువు కాదని చెప్పింది. నా దృష్టిలో రెండూ సరైన ఆదేశాలే. పేరు తీసేస్తే ఎందుకు తీశారో ఆ మనిషికి తెలియాలి, మళ్లీ అడగడానికి టైమ్ ఉండాలి.

మీరు పోలింగ్ రోజు వరకు ఆగకండి. ఎన్నికల సంఘం యాప్‌లోనో, 1950కి ఫోన్ చేసో పేరు ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఇల్లు మారితే ఫారం 8 ఇవ్వండి. నామినేషన్ల చివరి తేదీ దాటితే ఆ ఎన్నికకి జాబితాలో కొత్త పేరు చేరదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల పేర్లు కూడా మీరే చూడండి, వాళ్లంతట వాళ్లు యాప్ తెరిచి చూసుకోలేరు.