కొత్త బండి, మొదటి వెయ్యి కిలోమీటర్లు: పాఠకుల సందేహాలు

కొత్తగా మోటార్‌సైకిల్ కొన్నవాళ్ల ఉత్తరాలు ఎక్కువగా చప్పుళ్ల గురించి, వాసనల గురించి వస్తుంటాయి. మొదటి వారాల్లో అలా భయపెట్టేవి చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. చప్పుడు చేయకుండా చెడేవి వేరే ఉన్నాయి: చైన్ వదులు, టైర్లలో గాలి, బ్రేకు ప్యాడ్లు, ఆయిల్ మట్టం. వాటి గురించి అడిగేవాళ్లు తక్కువ కాబట్టి, అడగకపోయినా జవాబుల్లో కలిపేశాం.

ప్రశ్న: వెయ్యి కిలోమీటర్లు దాటేవరకు యాభై స్పీడు మించొద్దని షోరూంలో చెప్పారు. కొత్తలోనే గట్టిగా తోలితే ఇంజిన్ బాగా తెరుచుకుంటుందని స్నేహితుడు అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ముందు స్పీడు సంగతి. గంటకు 50 కిలోమీటర్లు అనే అంకె ఇంజిన్‌కు తెలియదు, దానికి తెలిసేవి ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోందన్న లెక్క), లోడు. రెండో గేరులో 50 అంటే ఇంజిన్ అరుస్తుంటుంది. టాప్ గేరులో అదే 50 దగ్గర హాయిగా తిరుగుతుంది. కాబట్టి స్పీడోమీటర్ కంటే ఆర్‌పీఎం మీటర్ చూడండి.

లోపల జరిగేది ఇది. కొత్త సిలిండర్ లోపలి గోడ నున్నగా ఉండదు. ఫ్యాక్టరీలో కావాలనే దాని మీద ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి గీతలు గీస్తారు. ఆ గీతలు రెండు పనులు చేస్తాయి: ఆయిల్‌ని పట్టి ఉంచుతాయి, సన్నటి ఆకురాయిలా పిస్టన్ రింగుల అంచులను అరగదీసి గోడకు సరిగ్గా అతుక్కునేలా చేస్తాయి. రింగులు గోడ మీదికి బలంగా ఒత్తుకోవాలంటే వాటి వెనక మండే వాయువుల ఒత్తిడి ఉండాలి. అంటే ఇంజిన్ మీద కొంత లోడు పడాలి. మీ స్నేహితుడి మాటలో నిజం ఇదే. మరీ మెత్తగా, ఒకే స్పీడులో నడిపితే రింగులు కూర్చునేలోపే ఆ గీతల మీద ఆయిల్ పొర కాలి గాజులా నున్నబడుతుంది. తర్వాత ఆ బండి ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది.

గట్టిగా తోలితే వచ్చే నష్టం వేరు. కొత్త భాగాల మధ్య రాపిడి ఎక్కువ, వేడీ ఎక్కువే. ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర ఎక్కువసేపు ఉంచితే ఒకచోట వేడి పేరుకుని పిస్టన్ గీసుకుపోవచ్చు.

మధ్యేమార్గం ఇలా: మొదటి 500 కిలోమీటర్లు రెడ్‌లైన్‌లో, అంటే ఆర్‌పీఎం మీటర్ మీద ఎర్ర గీత మొదలయ్యే అంకెలో, సగం దాటకండి. రెడ్‌లైన్ 9,000 అయితే 4,500 దగ్గర ఆగండి. 500 నుంచి 1,000 వరకు మూడింట రెండు వంతులు, అంటే 6,000 దాకా వెళ్లొచ్చు. మాన్యువల్లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి, మా లెక్క పక్కన పెట్టండి. ఆ హద్దులోనే స్పీడు మారుస్తూ ఉండండి. యాక్సిలరేటర్ కొంచెం బలంగా ఇచ్చి, కొన్ని సెకన్ల తర్వాత వదిలేసి, ఇంజిన్ బ్రేకింగ్ మీద స్పీడు తగ్గనివ్వండి. హైవే మీద గంటసేపు ఒకే స్పీడులో పోవడం కంటే గేర్లు మార్చుతూ నడిపే మామూలు రోడ్డే కొత్త బండికి మేలు. ఆర్‌పీఎం మీటర్ లేని బండి అయితే యాక్సిలరేటర్ సగానికి మించి తిప్పకండి, ఇంజిన్ గొంతు పెంచకముందే గేరు మార్చండి.

ఎవరూ హెచ్చరించని పొరపాటు ఇంకొకటుంది: టాప్ గేరులో 25 స్పీడుకు దిగి, ఇంజిన్ గుడగుడలాడుతుంటే గేరు తగ్గించకుండా యాక్సిలరేటర్ ఇవ్వడం. నెమ్మదిగా పోతున్నాం కదా, మంచిదే అనుకుంటారు. నిజానికి క్రాంక్ బేరింగుల మీద భారం అప్పుడు బాగా పెరుగుతుంది. గేరు తగ్గించండి. స్టార్ట్ చేసి స్టాండు మీద అయిదు నిమిషాలు వదిలేయడమూ అనవసరం. అర నిమిషం, నిమిషం చాలు, తర్వాత మెల్లగా నడుపుతూనే వేడెక్కనివ్వండి.

ప్రశ్న: బండి ఆపగానే ఇంజిన్ నుంచి కాలిన వాసన, సన్నటి పొగ వస్తున్నాయి. టిక్ టిక్ మని చప్పుడు కూడా. సైలెన్సర్ బెండ్ పైపు బంగారు రంగులోకి, తర్వాత నీలంలోకి మారింది. బండి లోపమా?

కాదు. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన నూనె, మైనం పొర కాలుతోంది. బండి కొన్నిసార్లు బాగా వేడెక్కి చల్లారాక పోతుంది. టిక్ టిక్ అనేది వేడికి సాగిన లోహం చల్లారుతూ ముడుచుకునే చప్పుడు, అది పాత బండికీ ఉంటుంది. బెండ్ పైపు రంగు మారడం వేడి గుణం. రుద్ది పోగొట్టినా మళ్లీ వస్తుంది.

అనుమానించాల్సినవి మూడు. ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి నీలం పొగ ఆగకపోతే లోపల ఆయిల్ కాలుతున్నట్టు. చల్లటి ఉదయాన కాసేపు కనిపించే తెల్లటిది ఉత్త నీటి ఆవిరి. పచ్చి పెట్రోల్ వాసన, లేదా వైరు కాలిన వాసన వస్తే బండి అక్కడే ఆపి షోరూంకు ఫోన్ చేయండి, తోలుకుంటూ వెళ్లొద్దు.

ప్రశ్న: సిగ్నల్ దగ్గర న్యూట్రల్ అస్సలు పడటం లేదు. ఫస్ట్ నుంచి సెకండ్‌కు, సెకండ్ నుంచి ఫస్ట్‌కు దూకుతోంది. పొద్దున మొదటి గేరు వేస్తే టక్కుమని పెద్ద చప్పుడు.

చప్పుడు సంగతి ముందు. రాత్రంతా చల్లబడిన ఆయిల్ చిక్కగా ఉండి, క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి వెంటనే వదలవు. అందుకే మొదటిసారి టక్కుమంటుంది. వేడెక్కాక తగ్గితే పట్టించుకోనక్కర్లేదు.

న్యూట్రల్ సంగతికొస్తే, గేర్లను కలిపి ఉంచేవి ఎదురెదురుగా ఉండే లోహపు పళ్లు. బండి పూర్తిగా ఆగాక ఆ పళ్లు బిగుసుకుని కూర్చుంటాయి. ఆగడానికి రెండు మూడు మీటర్ల ముందే, చక్రం ఇంకా దొర్లుతుండగా, సెకండ్ నుంచి మెత్తగా సగం నొక్కు నొక్కితే న్యూట్రల్ పడుతుంది. ఆగిపోయాక అయితే క్లచ్ పట్టుకునే బండిని కాస్త ముందుకూ వెనక్కూ ఊపండి, లేదా క్లచ్ లివర్‌ను వెంట్రుకవాసి వదులుతూ ప్రయత్నించండి.

అయినా పడకపోతే క్లచ్ కేబుల్ చూడాలి. కొత్త కేబుల్ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సర్దుకుని వదులవుతుంది. లివర్ చివర కొలిస్తే 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట, అంటే బిగువు తగిలేలోపు ఊరికే కదిలే దూరం, ఉండాలి. అంతకంటే ఎక్కువుంటే లివర్ పూర్తిగా నొక్కినా క్లచ్ విడివడదు. న్యూట్రల్ పడదు, గేరులో ఆగినప్పుడు బండి ముందుకు పాకుతుంది. ఆట అసలే లేకపోతే క్లచ్ జారి ప్లేట్లు కాలిపోతాయి. ఇది మొదటిదానికంటే ప్రమాదం, ఎందుకంటే లివర్ తేలిగ్గా, గేర్లు మెత్తగా ఉన్నట్టే అనిపిస్తుంది. లివర్ దగ్గరున్న లాక్ నట్టు వదులు చేసి, అడ్జస్టర్‌ని బయటికి తిప్పితే ఆట తగ్గుతుంది, లోపలికి తిప్పితే పెరుగుతుంది. సరిచేశాక లాక్ నట్టు బిగించడం మరవకండి. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, అప్పుడూ అంతే ఆట ఉందో లేదో చూడండి. హైడ్రాలిక్ క్లచ్‌కు ఈ సర్దుబాటు ఉండదు.

ప్రశ్న: ఫస్ట్ సర్వీస్‌లో ఆయిల్ మార్చాలన్నారు. ఆయిల్ ఇంకా తేనె రంగులోనే ఉంది. పారబోయడం వృథా కాదా? పైగా ఇంట్లో కారు కోసం కొన్న ఖరీదైన ఆయిల్ ఉంది, అది పోయవచ్చా?

మార్చండి. రంగు ఏమీ చెప్పదు. ఆకురాయి పని జరిగిందని పైన చెప్పుకున్నాం కదా, ఆ పొడి అంతా ఆయిల్‌లోనే ఉంటుంది. గేరుబాక్స్ పళ్ల రజను, బిగింపు సమయంలో మిగిలిన మురికి కూడా అందులోనే. అందుకే మొదటి మార్పు అంత తొందరగా, సాధారణంగా 500 నుంచి 1,000 కిలోమీటర్ల మధ్య పెడతారు. ఫిల్టర్ కూడా మార్చమనండి. డ్రెయిన్ బోల్టుకు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటుంది, అది మామూలే. వేలికి తగిలే పలుకులు, పెచ్చులు కనిపిస్తే మాత్రం మెకానిక్‌ను పిలిచి చూపించండి. డ్రెయిన్ బోల్టు వాషర్ కొత్తది వేశారో లేదో అడగండి. పాతదే వేస్తే ఆయిల్ చెమ్మ కారుతుంది.

కారు ఆయిల్ వద్దు. చాలా మోటార్‌సైకిళ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. రాపిడి తగ్గించే రసాయనాలు కలిపిన కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అని ఉన్నది పొడి క్లచ్ ఉన్న స్కూటర్ల కోసం. చిక్కదనం, అంటే 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40 లాంటి అంకె, మాన్యువల్లో ఉన్నదే వాడండి. ఖరీదు పెరిగినంత మాత్రాన ఆయిల్ మీ ఇంజిన్‌కు సరిపోదు.

మట్టం చూసే పద్ధతి: ఇంజిన్ మూడు నాలుగు నిమిషాలు నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగండి. సమతలం మీద బండిని నిటారుగా నిలపండి. సైడ్ స్టాండు మీద ఒరిగిన బండిలో కొలత తప్పుతుంది. డిప్‌స్టిక్‌ను మర బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది బండిని బట్టి మారుతుంది. పై గీత దాటి పోయడం తక్కువ పోసినంత చేటు. ఎక్కువైన ఆయిల్, ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే బ్రీదర్ గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరుతుంది.

ప్రశ్న: 400 కిలోమీటర్లకే చైన్ గలగలమంటోంది. నాసిరకం చైన్ వేశారా?

కొత్త చైన్ మొదట్లోనే ఎక్కువ సాగుతుంది, తర్వాత నిదానిస్తుంది. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, రెండు స్ప్రాకెట్ల (చైన్ తిరిగే పళ్ల చక్రాల) మధ్య కింది వరుస నడుమ వేలితో పైకీ కిందికీ కదిపి చూడండి. చిన్న బండ్లు చాలావాటికి మొత్తం కదలిక 20 నుంచి 30 మిల్లీమీటర్లు. మీ బండి అంకె మాన్యువల్లో గానీ, స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీద అంటించిన స్టిక్కర్‌లో గానీ ఉంటుంది. చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల కొలవండి. అన్నిటికంటే బిగువుగా ఉన్న చోటే లెక్క.

చాలామంది చప్పుడు పోవాలని బిగదీయిస్తారు. అది వదులుకంటే చెడ్డది. వెనక షాకబ్జార్బర్ అణిగినప్పుడు చైన్ ఇంకా బిగుస్తుంది, ఆ లాగుడంతా గేరుబాక్స్ షాఫ్ట్ బేరింగు మీద పడుతుంది. బిగించేటప్పుడు ఇరుసు నట్టు వదులు చేసి, రెండు వైపుల అడ్జస్టర్లను సమానంగా తిప్పి, గుర్తులు రెండు పక్కలా ఒకే గీత మీదికి వచ్చాయో లేదో చూడాలి. లేకపోతే చక్రం వంకరగా కూర్చుని, స్ప్రాకెట్ పళ్లు ఒకవైపే అరుగుతాయి. వెనక డ్రమ్ బ్రేకు ఉంటే పెడల్ ఆట, బ్రేకు లైటు రెండూ మళ్లీ చూసుకోండి.

సుమారు 500 కిలోమీటర్లకోసారి, వానలో తిరిగాక తప్పనిసరిగా లూబ్ వేయండి. కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక, చైన్ లోపలి వైపు పడేలా వేయాలి. ఓ-రింగ్ చైన్‌కు (లింకుల మధ్య రబ్బరు వలయాలు ఉన్నదానికి) పెట్రోల్, ఇనుప బ్రష్ తగలనివ్వకండి. ఒక్క మాట గట్టిగా చెప్తున్నాం: ఇంజిన్ నడుస్తుండగా గేరులో పెట్టి చైన్ తుడవకండి. గుడ్డతోపాటు వేళ్లు కూడా స్ప్రాకెట్‌లోకి పోతాయి.

ప్రశ్న: డిస్క్ బ్రేకు అనుకున్నంత పట్టడం లేదు. కొత్త టైర్లు కూడా జారుతున్నట్టున్నాయి. కీ తిప్పితే ఏబీఎస్ లైటు ఆరడం లేదు.

లైటు సంగతి తేలిక. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసేది. బండి కదిలి చక్రాల సెన్సర్లు పనిచేస్తున్నాయని తేలేవరకు అది వెలుగుతూనే ఉండాలి. కొంచెం దూరం పోయాక కూడా ఆరకపోతే ఏబీఎస్ పనిచేయడం లేదని అర్థం. అప్పుడు మామూలు బ్రేకు ఉంటుంది కానీ చక్రం బిగుసుకుపోవచ్చు.

కొత్త ప్యాడు డిస్క్‌కు మొత్తం ఆనదు, ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే తాకుతుంది. ఖాళీ రోడ్డు మీద 50 స్పీడు నుంచి 10 దాకా, చక్రం బిగుసుకోకుండా, మధ్యస్థంగా నొక్కి తగ్గించండి. పూర్తిగా ఆపొద్దు. కాస్త దూరం నడిపి డిస్క్ చల్లబడ్డాక మళ్లీ. ఇలా పదిహేను, ఇరవై సార్లు. వేడి డిస్క్ మీద బ్రేకు పట్టుకుని నిలబడితే ప్యాడు పదార్థం ఒకేచోట అంటుకుని, తర్వాత బ్రేకు అదురుతుంది.

టైర్ల విషయంలో మీ అనుమానం సరైనదే. అచ్చు నుంచి వచ్చిన నున్నటి పైపొర పోవడానికి సుమారు 150 కిలోమీటర్లు పడుతుంది. అప్పటిదాకా మలుపుల్లో కొద్దికొద్దిగానే వాల్చండి. టైరు మధ్యభాగం అరిగినంత మాత్రాన అంచులు సిద్ధమైనట్టు కాదు. వానలో ఇంకా జాగ్రత్త. నల్లగా మెరవాలని టైర్లకు పాలిష్ పూయడం ఏ కంపెనీ టైరుకూ పనికిరాదు. గాలి చల్లటి టైరులోనే కొలవండి. నడిచి వేడెక్కిన టైరు ఎక్కువ చూపిస్తుంది, అది చూసి తగ్గించి పంపేస్తారు.

ప్రశ్న: కంపెనీ చెప్పిన మైలేజీలో మూడొంతులు కూడా రావడం లేదు.

మొదటి వెయ్యి కిలోమీటర్ల లెక్క వదిలేయండి. అప్పటికి ఇంజిన్ బిగువు, మీ చేయి రెండూ కుదురుకోవు. తర్వాత ట్యాంకు నింపించి, మీటర్ సున్నా చేసి, కనీసం సగం ట్యాంకు వాడి, అదే మట్టానికి మళ్లీ నింపించండి. తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. డిస్‌ప్లేలో కనిపించేది అంచనా మాత్రమే. నింపేటప్పుడు ట్యాంకు మెడ కింది అంచు దగ్గర ఆపించండి. మూత దాకా పోయిస్తే ఎండకు పెట్రోల్ వ్యాకోచించి, ఆవిరి పట్టుకునే బొగ్గు డబ్బాలోకి పోయి దాన్ని పాడు చేస్తుంది.

ప్రశ్న: నిన్న సాయంత్రం బాగున్న బండి పొద్దున సెల్ఫ్ కొడితే ఉలుకూ పలుకూ లేదు. లైట్లు వెలుగుతున్నాయి.

ముందు హ్యాండిల్ కుడివైపు, ఇంజిన్ ఆపే ఎర్ర స్విచ్ చూడండి, పిల్లలో, పక్కన బండి పెట్టినవాళ్లో నొక్కి ఉంటారు. తర్వాత సైడ్ స్టాండు, చాలా బండ్లలో అది దిగి ఉండి గేరు పడి ఉంటే సెల్ఫ్ పనిచేయదు. మూడోది క్లచ్, కొన్ని బండ్లు లివర్ పూర్తిగా నొక్కితే తప్ప సెల్ఫ్ ఇవ్వవు. ఇవేవీ కాకపోతే బ్యాటరీ కొలిపించండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలైన 12 వోల్టుల బ్యాటరీ 12.5కు పైన చూపాలి, ఇంజిన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొత్తలోనే అదనపు లైట్లు, మొబైల్ చార్జర్ బిగించి ఉంటే వాటి వైరు కీతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపారేమో చూడండి. అలా కలిపిన చార్జర్ బండి ఆపినా కరెంటు లాగుతూనే ఉంటుంది. కీ తిప్పితేనే కరెంటు వచ్చే వైరుకు, మధ్యలో దాని సొంత ఫ్యూజుతో, మార్పించండి.